వచ్చిన పని

మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఆరింటికి గేటు లేస్తది.
గార్డు హర్యా నాయక్ రిజిస్టర్ల బండి నంబరు రాసుకొని
"వచ్చిన పని?" అనడిగిండు.
"పనేం లేదు. ఊకెనే. ఘాటు దిగి, ఎక్కొస్త."
పెన్ను ఆగింది.
వారంల ఆరు దినాలు బస్సు మీద దిగేటోడు
ఏడో నాడు సొంత పెట్రోలు పోసుకొని
మళ్ల అదే ఘాటు!
ఆ గడిల రాసేతందుకు మాట దొరకక
"దర్శనం" అని రాసిండు.
సరే అన్న.

ఫరహాబాదు దాటినా అడవి ఇంకా పండుకొనే ఉన్నది.
ముప్పై మీద ముల్లు పోనియ్య.
పులి ఊరు ఇది, నేను సుట్టాన్ని.
నాకు స్పీడుతోని పని లేదు,
ఒంపు కావాలె.

దోమలపెంట అవుతల తొవ్వ నడుము వదులుతది.
బస్సుల మలుపంటే భుజాలు.
బాయి గిలక లెక్క స్టీరింగు తిప్పుతుంటే
ఎనక అరవై మెడలు ఒక్కపారి ఎడమకు వాలి
ఆ బరువంత నా వీపుకు తెలుస్తది.
నిమ్మకాయ వాసన, కవరు కోసం కేకలు,
బాలకిష్టమ్మ టికెట్ల మిషను గీరుడు.
మూడో మలుపు నాకు వంకాయల మలుపు,
ఒక ముసలామె గంప ఒరిగి
అన్నీ బ్రేకు కిందికి ఉరికినయి.
ఏడోది పెండ్లిపిల్ల కక్కిన మలుపు.
దాని తర్వాతిది
చెప్ప.

ఇయ్యాల మాత్రం మలుపు తుంటి కాడ మొదలైతది.
రోడ్డు చెవుల ఏదో చెప్పబోయినట్టు మోకాలు వంగితే
పాత ఎజ్డీ తెలుసుకొని తనూ వంగుతది.
కొండ ఒకపారి ఎడమ చెంపకు, ఒకపారి కుడి చెంపకు.
కండ్లు ముందే మలుపు అవుతలికి పోయి పిలుస్తయి,
నేను పోత.
ఒక మలుపుల ఇప్పపూల వాసన,
ఇంకో మలుపుల డీజిలు,
ఆ తర్వాత దాంట్ల ఉత్త చల్లగాలి.
నవ్వొచ్చింది.
హెల్మెట్ల నవ్వితే అద్దానికి ఆవిరైతది,
ఎవ్వరికీ కానరాదు.
యాభై రెండేండ్లు నాకు.

అప్పుడే హారను.
రెండు పొట్టివి, ఒకటి పొడుగు.
అది నాది!
రిలీవర్ ఖలీలుకు నేనే నేర్పిన.
పక్కకు జరిగి, కాలు కింద పెట్టి నిలవడ్డ.
నా బస్సు నా మీదికొచ్చింది.
గింత పెద్దదా ఇది?
లోపట కూసున్నోనికి ఎన్నడు తెల్వలే.
మోచేతికి జానెడు దూరంల రేకు కదిలిపోతుంటే
కిటికీలు ఒక్కటొక్కటే:
తెరుచుకున్న నిద్రనోరు,
గుండు కొట్టిచ్చుకున్న తలకాయలు మూడు,
నాలుక బయట పెట్టి గాలి తాగుతున్న పిలగాడు.
వాడొక్కడే నన్ను చూసిండు.
ఖలీలు చూడలే, వాని చూపు మలుపు మీదనే ఉన్నది.
మంచిగనే నేర్పిన అనుకున్న.

చెప్పని మలుపు కాడ బండి వంచలే.
అక్కడి గోడ కొత్తది, సున్నం ఇంకా తెల్లగుంది.
నిటారుగ, రెండో గేర్ల,
పండుకున్నోళ్ల నడుమ నుంచి నడిచినట్టు
దాటిన.

కింద కృష్ణ.
ఇరవై రెండేండ్లు దీని పక్కపొంటి దిగిన,
నీళ్ల రంగేందని అడిగితే నాకు తెల్వదు.
ఎనక "అబ్బ!" అన్నప్పుడల్లా
నేను తొవ్వనే చూసిన.
ఇయ్యాల ఆపి చూసిన.
పచ్చగ లేదు, నీలం గాదు,
కడిగి ఆరబెట్టిన పలక రంగు.
శానసేపు ఉండలే. నిజం చెప్తే
పాణమంత ఎక్కే మలుపుల మీదనే ఉన్నది.

ఎక్కుడు వేరే ముచ్చట.
దిగేటప్పుడు కొండ ఇస్తది,
ఎక్కేటప్పుడు అడుగుతది.
ఇంజను గుక్క తిప్పుకోకుండ జవాబు చెప్తుంటే
నేను మధ్యల మాట్లాడలే.

గేటు కాడ హర్యా నాయక్
"దర్శనమైందా?" అన్నడు.
"అయింది. ఇంకోపారి పోవాలె."
నన్ను చూసిండు, బండిని చూసిండు,
రిజిస్టరు పేజీ తిప్పబోయి ఆగి
"పెట్రోలున్నదా?" అనడిగిండు.

ట్యాంకు ఊపి చూసిన.