చాయ్ రంగు

అజ్మాన్ సనయ్యల మా దుకాణం.
సోఫాలకు గలేబులు, మజ్లిసులకు దిండ్లు,
పెద్దిండ్ల గోడలకు దూది నింపిన మెత్తలు కుడతం.

మిషను మీద ఇసుక పడకుంట
నేను కప్పేది ఒక బొంత.
దుకాణం బట్ట కాదు, తుక్కు.
హోటల్ పరదాల అంచులు,
ఏదో విల్లాల పీకేసిన దివాను ముక్క,
మోతిన్ లుంగీ, నా కవరాల్ మోకాలు,
మా చిన్నాయన మగ్గం మీద నేసిన
దుబ్బాక తువ్వాల సగం.
కరోనాల పని బందైన నెలలు
ఆరుగురం బంకు మంచాల నడుమ కూసోని
తలా ఒక వరుస కుట్టినం.
పోశన్న వరుస వంకర.
క్రేను తోలేటోనికి సూదేం తెలుసు.

మొన్న హెస్సా మదాం వచ్చింది,
కొత్తింటి గోడలకు బట్ట చూడ.
ఇటలీ పట్టు పరిస్తే ఊ అనలే.
మిషను మీది బొంత లేపి
వాకిట్లకు తీస్కపోయి ఎండల చూసింది.
కుట్టు వెంట వేలు నడిపించి
పోశన్న వంకర కాడ ఆగింది.
"ఇదే" అన్నది.

అర్బాబ్ నా దిక్కు చూడకుంటనే రేటు చెప్పిండు.
నా మూడు నెలల జీతం.
నాకు రెండు వందల దిర్హాములు, ఒక షవర్మా.

ఇప్పుడామెకు ఇంకో ఏడు కావాలె.
మెట్ల పక్కకు, అన్నాల గదికి, అత్తగారింటికి.
పాతగ కనవడాలె, పాత వాసన ఉండొద్దు.
కొత్త నేతబట్ట సులేమానీల నానేస్తున్న,
మిద్దె మీద ఆరేస్తున్న,
మడతల కాడ ఇటుక పెళ్లతోని రుద్దుతున్న.
అన్నీ అయితున్నయి గని
వంకర ఒక్కటే వస్తలేదు.
ముప్ఫై ఏండ్ల చెయ్యి,
ఎంత ఒద్దన్నా సక్కగనే పోతది.

వీసా అయిపోయి ఇంటికాడున్న పోశన్నకు ఫోన్ చేసిన.
చానాసేపు నవ్విండు.
"నా తప్పుకు గింత గిరాకా?" అన్నడు.
ఆగి మళ్ల అడిగిండు:
"గోడకు సలి పెడ్తదా అన్నా అక్కడ?"

నిన్న మొదటిది బిగియ్య పోయిన.
తెల్ల గోడ, బొంత మీదికి చిన్న లైటు.
లుంగీ ముక్క పైకొచ్చేటట్టు
తలకిందులు పట్టుకున్నరు.
నేనేం అనలే.
నాలుగు మూలల మేకులు కొట్టిన.
ఏసీ గాలికి కింది కొస కదుల్తుంటె
ఒక్కపాలి అరచేత్తోని ఒత్తిన.
దూది అట్లనే ఉన్నది.

మిషను మీద ఇప్పుడు
సిమెంటు సంచి కప్పుతున్న.