లో ఓల్టేజి

సెన్సార్ సర్టిఫికెట్ తెర మీంచి పోయే ముందు
చివరి సంతకానికి ఒక వంకర తోక కనిపిస్తుంది.
అప్పుడు నొక్కాలి ప్లే.
ముందూ కాదు, తర్వాతా కాదు.
డెస్మండ్ పెట్టిన రూలు అది.

డెస్మండ్ వాళ్ళ నాన్న వాల్తేరు లోకో షెడ్డులో డ్రైవరు.
హార్బరు గేటు బయట ఒక పోలండు నావికుడికి
రెండు కిలోల జీడిపప్పు ఇచ్చి తెచ్చాడా క్యాసెట్టు.
అట్ట లేదు. పేరున్న చోట కాగితం చిరిగిపోయింది.
నలుగురో ఐదుగురో, గిటార్లతో,
ఎవరినో స్టేషన్లో వదిలేసి వచ్చినట్టు వాయిస్తారు.

సినిమా మటుకు మన పాత జానపదమే,
దొండపర్తి వీడియో షాపులో రాత్రికి పది రూపాయలు.
టీవీ గొంతు మొత్తం నొక్కేసి
టేప్ రికార్డరు గోడలదిరేలా పెట్టేవాళ్ళం
అల్లిపురంలో, మా పైడమ్మ పెద్దమ్మ గదిలో.
ఎవరూ తిట్టరని.
చిట్టివలస జూట్ మిల్లులో ఇరవై రెండేళ్ళు
మగ్గాలు ఆవిడ చెవుల్ని
లోపల్నించి నేసేశాయి.

మొదటి రాత్రే జరిగింది.
గుర్రం లోయ దూకింది, డ్రమ్ము పడింది.
రాణి నోరు తెరిచింది, ఒక ఆడగొంతు
మాటల్లేకుండా, అచ్చం ఆ నోట్లోంచే.
మాంత్రికుడి తల తెగిన క్షణాన
ఏ సైడు అయిపోయి మీట టక్కున లేచింది.
డెస్మండ్ స్టూలు మీంచి పడ్డాడు.
నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.
ఎక్కడో దూరదేశంలో ఎవడికి తెలుసు
మన రాజకుమారుడు ఎప్పుడు కత్తి దూస్తాడో?

రైల్వే పాత డైరీలో రాసుకున్నాం.
పదకొండో నిమిషం: దీపం ఆరింది, గిటారు ఆగింది.
ఇరవై ఆరు: పాము, ఈల.
తప్పిపోయినవి రాయలేదు.
ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.
రాజు శవం ముందు గంతులేసిన పియానో,
పెళ్ళిపందిట్లో నాలుగు నిమిషాలు ఏ సంబంధమూ లేని రొద,
ఒక్కటీ రాయలేదు.

పెద్దమ్మ డైరీ అడగలేదు.
లేచొచ్చి అరచెయ్యి స్పీకరు మీద పెట్టింది,
జ్వరం చూస్తున్నట్టు.
కళ్ళు తెర మీదే.
"బొమ్మకి గుండె కొట్టుకుంతందిరా" అంది,
తన గొంతు తనకి వినపడని మనుషుల గట్టిదనంతో.
వీధిలో కుక్క మొరిగింది.
అదీ సరిగ్గా పడిందన్నాడు డెస్మండ్.

మొన్న గోపాలపట్నంలో వాడింట్లో మళ్ళీ పెట్టాం.
ఇప్పుడు రెండూ కంప్యూటర్లో, గీత లేదు, గరగర లేదు.
సంతకం తోక దగ్గరే నొక్కాం.
డ్రమ్ము ముందొచ్చేసింది, గుర్రం ఇంకా ఒడ్డునే ఉంది.
రాణి నోరు తెరిస్తే ఏమీ రాలేదు.
తల తెగింది, పాట దాని మానాన అది పోయింది.

డెస్మండ్ చాలాసేపు బట్టతల గోక్కుని
ఒక్కసారి తొడ చరిచాడు.
రాత్రి ఏడు దాటితే అల్లిపురంలో కరెంటు నీరసించేది.
టీవీకీ వీసీఆర్‌కీ స్టెబిలైజరు ఉండేది, టేపుకి లేదు.
పాట కాళ్ళీడ్చుకుంటూ వెనకబడి
బొమ్మకి దొరికేది.
అంటే కలిపింది విధి కాదు, పోలండువాడూ కాదు,
ఎలక్ట్రిసిటీ బోర్డు.

ఇద్దరం నవ్వాం. వాడికి దగ్గొచ్చేదాకా.
తర్వాత నాకు గుర్తొచ్చింది,
ఆ పెళ్ళిపందిరి నాలుగు నిమిషాలూ
పెద్దమ్మ చెయ్యి తియ్యలేదు.

"స్పీడు తగ్గించి చూద్దామా?" అన్నాడు.
వద్దన్నాను.
బయట కిరండూల్ నుంచి ఖనిజం బండి దిగుతోంది,
పెట్టె తర్వాత పెట్టె, పోర్టు వైపు.
కిటికీ వణుకుతోంది, టీ గ్లాసు వణుకుతోంది.
తెర మీద రాణి మళ్ళీ నోరు తెరిచింది.
నేను అరచెయ్యి బల్ల మీద పెట్టాను.