అదనపు బరువు

ఆ విమాన కంపెనీ పేరు చెప్పినా మీకు తెలీదు.
నాకూ టిక్కెట్టు చేతికొచ్చాకే తెలిసింది.
పద్నాలుగు సీట్లు, రెండు పంకాలు,
తోక మీద రంగు వెలిసిన సముద్రపు పక్షి.
దానికి కన్ను పెట్టడం మర్చిపోయారు.

తరావా చేరేలోపు ఒక దీవిలో ఆగాలి,
ఇరవై నిమిషాలన్నారు.
నేల తాకుతూనే చక్రం పగిలింది.
పైలట్ దిగి, దాన్ని బూటుకాలితో ఒకసారి తట్టి,
పక్క దీవి నుంచి పడవలో ఇంకొకటి వస్తుందన్నాడు,
పోటు వచ్చాక.
పోటు సాయంత్రానికి గానీ రాదు.

ఎయిర్‌పోర్టంటే మొగలాకులు కప్పిన పాక, గోడల్లేవు.
ఒక బల్ల, ఒక లెడ్జరు,
ఎండుకొబ్బరి బస్తాలు తూచే కాటా.
కాటా పక్కన నేయ్ టౌరేబా.
టిక్కెట్లు చింపేదీ ఆవిడే,
రన్‌వే మీది పందుల్ని తరిమేదీ ఆవిడే,
నిప్పంటుకుంటే బకెట్టు పట్టుకోవాల్సిందీ ఆవిడే.
ఎడమ చెయ్యి మాత్రం ఎప్పుడూ చెంప మీదే.
ఏదో ఆలోచిస్తోందనుకున్నాను.

సంచీతో సహా నన్ను కాటా ఎక్కించింది.
తొంభై మూడు, అని పైకే చదివింది.
బెంచీ మీది వాళ్ళంతా చప్పట్లు కొట్టారు.
బరువు చెప్పుకోవడం నాకు సిగ్గు,
ఇక్కడ అది కబురు.
మధ్యాహ్నానికల్లా నా పేరు పోయి
పిల్లలందరికీ నేను తొంభై మూడునయ్యాను.

తొమ్మిది గంటలు.
ఫోను ఎత్తి పట్టుకుని ఆకాశాన్ని మూడుసార్లు అడుక్కున్నాను.
దీవి వెడల్పు నా అడుగుల్లో నాలుగొందల పన్నెండు.
ఇటు సముద్రం కొడుతుంది,
అటు మడుగు ఊరుకుంటుంది.

కాంటబు అనే ముసలాయన మానెయబాలోకి రమ్మన్నాడు,
ఊరంతా కూర్చునే చావడి.
చూరు ఎంత కిందికుంటుందంటే
తల వంచనివాడికి లోపల చోటు లేదు.
పెద్దల వైపు కాళ్ళు చాపకని నా మోకాలు తట్టి చెప్పాడు.
ఎండుచేప పెట్టారు, కాల్చిన సీమపనస పెట్టారు,
అప్పుడే దించిన కల్లు పోశారు,
ఇంకా పులవనిది, తేనెలాంటిది.
చాలంటే విన్నవాడు లేడు.
బయట రన్‌వే మీద కుర్రాళ్ళు వాలీబాల్,
నడిమి తెల్లగీతే వాళ్ళకి నెట్టు.
బంతి గీతకి తగిలిందా లేదా అని గంటసేపు తగువు.

పోటుతోపాటు చక్రం వచ్చింది,
పడవలో, జ్వరమొచ్చిన మనిషిలా దుప్పటి కప్పుకుని.

పైలట్ మళ్ళీ అందర్నీ తూచమన్నాడు,
పగిలిన చక్రాన్నీ మోసుకెళ్ళాలి గదా.
నేను తొంభై నాలుగున్నర.
నవ్వులే నవ్వులు. టౌరేబా కూడా నవ్వింది,
నోరు సగమే తెరిచి.
తర్వాత లెడ్జరు మీదికి వంగి
చాలాసేపు కూడింది, తీసేసింది, మళ్ళీ కూడింది.
ఒక పేరు కొట్టేసింది.
అంతే.

దీవి గోరంత అయ్యాక
ఇంజన్ల మోతలో నా చెవిలో అరిచాడు కాంటబు:
పన్ను. వారం నుంచీ వాపు.
తరావా ఆసుపత్రిలో పీకించుకుందామని
ఈ విమానానికి తన పేరు తనే రాసుకుంది.
మళ్ళీ విమానం?
గురువారం, అన్నాడు. చక్రాలు బాగుంటే.

వెనక అరలో నా సంచీ.
అందులో ఏమున్నాయో ఒక్కొక్కటే గుర్తొచ్చింది:
ఇస్త్రీపెట్టె. ఇంకా తెరవని మూడు లావు పుస్తకాలు.
వానకోటు. పనిచెయ్యని కెమెరా, దాని స్టాండు.
పదిహేను కిలోలు.
అదొక్కటే దింపితే చాలదు, ఆపాటి లెక్క నాకూ వచ్చు.
కానీ తిలాపాపం తలా పిడికెడంటారే,
పదముగ్గురం,
తలా నాలుగైదు కిలోలు.
ఎవరూ అడగలేదు.
అడక్కపోయినా దింపొచ్చునని
పైకెగిరాక తోచింది.

రాత్రి తరావాలో సంచీ విప్పాను.
బట్టల కింద, పుస్తకాల కింద, అన్నిటికీ అడుగున
నొప్పి మాత్రల అట్ట,
ఒక్కటీ చింపనిది.
ఏ కాటా మీద పెట్టినా
ముల్లు కదలదు.