పెన్సిల్ గీతలు

కోర్టు మాకు ఆర్నెల్ల గడువిచ్చింది,
మనసులు మారుతయేమో చూసుకొమ్మని.
ఆ ఆర్నెల్లు నేను
మలక్‌పేటల నుస్రత్ కాడికి పోయిన,
ఏడాదిగ పైకి లేవని కుడిచేతిని
ఎడమచేత్తోని పట్టుకొని.

"గోడకు ఎదురుంగ నిలబడమ్మా.
వేళ్ళతోని నడువు, చీమ లెక్క.
ఆగినకాడ గీత గియ్యి."
మొదటి గీత నా గడ్డం కాడ్నే ఆగింది.
"ఇన్నొద్దులు ఎందుకు రాలే?"
తగ్గుతదనుకున్న, అన్న.
"అందరు గదే అంటరు," అని
భుజం మీద బొటనవేలు నొక్కింది.
కండ్లల్ల నీళ్ళొచ్చినయి. నొప్పికే.

సరూర్‌నగర్ల అద్దె గది, సున్నం గోడ.
గీత మీద గీత, పక్కన తారీఖు,
పిల్లల ఎత్తు కొలిచినట్టు.
మాకు పిల్లల్లేరు.
ఆ మాట రాయొద్దనుకున్న. రాసిన.

మొదట్ల వకీలు అడిగితే
ఆయన తప్పులు నలభై ఒక్కటి రాసిచ్చిన.
నీళ్ళ బిల్లుల కౌంటర్ల కూసునేదాన్ని,
బకాయిలు రాసుడు చేతికి అలవాటే.
తర్వాత ఇద్దరం ఒప్పుకొనే విడిపోదామనుకున్నం,
కాయితం అక్కరకు రాలే.
పారేయ బుద్ధి గాలే.

నాలుగో నెలల ఒక రాత్రి
వేడినీళ్ళ సంచి భుజం మీద పెట్టుకొని
ఆ కాయితం వెనక్కి తిప్పిన.
శానసేపు ఏం తోచలే.
తర్వాత ఒకటి తోచింది:
చిట్టీ మునిగి ఆయన ఇంటికొచ్చిన రాత్రి
అన్నం మీద మూతపెట్టి
గోడదిక్కు తిరిగి పండుకున్న.
పందొమ్మిది రోజులు మాట్లాడలే.
దాన్ని ఓర్పు అనుకున్న,
మా అమ్మ గూడ అదే పేరు పెట్టింది.
ఓర్పు గాదు,
లోపట్నుంచి వేసుకున్న గొళ్ళెం.

ఇది రాసినంత మాత్రాన
ఆయన విసిరిన కంచం సొట్ట సాపు గాలే.
నలభై ఒక్కట్ల ఒక్కటి గూడ కొట్టెయ్యలే.
కాకపోతే
కాయితానికి ఇప్పుడు రెండు దిక్కుల రాత ఉన్నది.

కోర్టు వరండాల ఐలేశ్ సన్నగయిండు.
అంగీ తనే ఇస్త్రీ చేసుకున్నట్టున్నడు,
కాలరు ఒక దిక్కు లేచి ఉన్నది.
సదురుదామని చెయ్యి కదిలింది, ఆపుకున్న.
"భుజం ఎట్లున్నది? మీ చెల్లె చెప్పింది."
ఎత్తి చూపిన.
బెంచీ మీది ముసలామె
తననే పిలుస్తున్నరనుకొని లేచి నిలబడ్డది.

అప్పుడు చెప్పిన:
నీ మీద కోపంతోని జుట్టు కత్తిరించుకోలే.
చెయ్యి లేవక, జడ అల్లుకోరాక.
ఆయన నేలచూపు చూసిండు.
"చెప్తే నేను అల్లకపోదునా?"
అల్లుతుండెనేమో.
దువ్వెన విసిరికొడుతుండెనేమో.
ఇద్దరు ఐలేశ్‌లూ నాకెరుకే.
"నేను అడగలే," అన్న.
"అడిగేటట్టు నా మొఖం ఎన్నడున్నది," అన్నడు.
పదమూడేండ్ల సంసారంల
మేం కలిసి మాట్లాడుకున్న పెద్ద ముచ్చట
అదే.

పేర్లు పిలిచిన్రు.
జడ్జిమేడం అడిగితే ఇద్దరం ఔనన్నం.
గడువుల మనసులు మారినయా అంటే
మారినయి.
అందుకే సంతకం వణకలే.

బయట చినుకులు పడుతున్నయి.
ఆయన హెల్మెట్ పెట్టుకొని, మళ్ళ తీసి,
"గీజర్ నువ్వు తీస్కపో,
భుజానికి వేడినీళ్ళు గావాలె గద," అన్నడు.
తీస్కపోత అన్న. వొద్దనలే.

రాత్రి అద్దం ముందల కూసున్న.
జుట్టు మళ్ళ మెడ దాటింది.
మూడు పాయలు తీసిన, రెండు మెలికలేసిన,
మూడోదానికి వేళ్ళు అందలే.
మీది గీత ఇంక స్లాబుకు రెండు జానల కిందనే ఉన్నది.

పక్కగది తలుపు కొట్టిన.
నర్సింగ్ చదివే మౌనిక, చేతిల సగం తిన్న చపాతి.
"బిడ్డా, జర జడ ఏస్తవా?"
చేతులు కడుక్కొని వచ్చి వెనక కూసున్నది.
"గట్టిగనా అక్కా, వదులుగనా?"

జర ఆగు,
ఆలోచించి చెప్త.