ఖాళీ బిళ్ళ

కట్టమంచి వైపు తిరిగే మలుపులో
ధనకోటి అన్న అంగడి.
షట్టరు సగమే లేస్తుంది, వంగి దూరాలి.
జూన్ నెల. చిత్తూరంతా
బెంగళూరా మామిడి వాసన.

మిట్టమధ్యాహ్నం రెడ్డెమ్మ వచ్చింది,
బంగారుపాళ్యం దారిలో వేబ్రిడ్జి గుమాస్తా.
చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకన సీపీయూ,
దాని సందుల్లోంచి చీమలు.
"తెర నల్లబడి ఒకటే మాట రాస్తా ఉండాదన్నా.
బయట పదకొండు ట్రాక్టర్లు.
నిలబడే కొద్దీ కాయ తూకం పోతాది,
రైతులు నన్ను తింటా ఉండారు."

పాత మిషను.
పెన్‌డ్రైవు పెడితే
పెళ్ళికి పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసింది.
డీవీడీ పెడితే గొణిగి ఉమ్మేసింది.
దానికి తెలిసిన మాట సీడీ ఒక్కటే.

అన్న నా చేతిలో నలభై రూపాయలు పెట్టాడు.
చర్చి వీధిలో ఒక ఫ్యాన్సీ అంగడి,
రిబ్బన్ల వెనక, దుమ్ము పట్టిన గొట్టంలో
ఇంకా ఉన్నాయి బిళ్ళలు.
గుండ్రంగా ఉంటే చాలనుకున్నాను.
రెండు తెచ్చాను.

మొదటిది యాభై రెండు వేగంలో తిప్పి
గర్వంగా అందించాను.
తెర నల్లగానే ఉంది.

అన్న తిట్టలేదు. లోపల ఏముందో తెరిచి చూశాడు.
"ఫైలును ఫైలుగానే పెట్టేసినావు రా.
విత్తనాల మూటను మూటతోనే పూడిస్తే
మొలక యాడొస్తాది?
విప్పి చల్లాల."

విప్పి చల్లాను, అదే వేగంతో.
తొంభై ఆరు శాతం దగ్గర
మిషను దగ్గింది, ఆగింది.

రెడ్డెమ్మ ఫోను మోగుతూనే ఉంది.
ఆమె దాన్ని బోర్లించి
దానిమీద అరచెయ్యి పెట్టుకుంది.

అప్పుడు తెరిచాడు అన్న కింది సొరుగు.
పాత క్యాలెండరు కాగితంలో చుట్టినవి,
ఆరు.
ఒకటి తీసి, అంచులు పట్టుకొని,
ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టాడు.

"అవతలి వెలుతురు ఇటు కారితే వొద్దు,
అది జల్లెడ.
అంచు చూడు, అచ్చులో తేడా ఉండకూడదు.
రాత లోపల్నుంచి బయటికి పోతాది,
గట్టు తెగేది ఎప్పుడూ చివరి మడి కాడే.
చెరిపి మళ్ళీ రాసేది మేలనుకుంటావు,
దాని మసక రాత ఈ ముసలి కంటికి ఆనదు.
ఇది ఏడొందల ఎంబీ. మన సరుకు ఆరొందల తొంభై రెండు.
చెంబు నిండా నీళ్ళు, నాయనా.
పరిగెత్తొద్దు."

వేగం ఎనిమిది.
పది నిమిషాలు ఎవ్వరం మాట్లాడలేదు.
ఫ్యాను కూడా ఆపాడు, బల్ల అదురుతుందని.
చెమట నా ముక్కు కొసన చేరి
అక్కడే ఆలోచించింది.

అయిపోయిందనుకొని చెయ్యి చాపాను.
"రాసింది ఒకసారి తిరిగి చదువుకోనీ" అన్నాడు.
రెడ్డెమ్మ కళ్ళు మూసుకుంది.
పదకొండు ట్రాక్టర్ల కాయ
ఆమె రెప్పల కింద ఎండుతోంది.

తెర మీద మొదటి గీత కదిలినప్పుడు
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
అన్న బిళ్ళ మీద పెన్నుతో తేదీ వేశాడు,
కింద "వేబ్రిడ్జి" అని రాశాడు.
మిగతా ఐదింటినీ కాగితంలో చుడుతూ
"ఈ కంపెనీ మూసేసి చానా ఏండ్లయింది" అన్నాడు,
నాతో కాదు, సొరుగుతో.

పోతూ పోతూ రెడ్డెమ్మ
నా రెండు చెడ్డ బిళ్ళలూ అడిగి తీసుకుంది.
"పారేయొద్దు, తోటలో చిలకలకు కడతా."

వారం తర్వాత బస్సులో పోతూ చూశాను.
వేబ్రిడ్జి వెనక మామిడి కొమ్మకు
నా తొందర రెండు ముక్కలై వేలాడుతోంది,
ఎండను పట్టి విసురుతోంది.
చిలకలు బెదిరి లేచాయి, గుంపు గుంపంతా.

ఒక్కటి మాత్రం లేవలేదు.
బిళ్ళ కట్టిన తాడు మీదే కూచుని
బొడ్డు దగ్గర్నుంచి నెమ్మదిగా
కాయ కొరుక్కుంటోంది.