తరుగు

యార్డులో కాటా గుమస్తాని.
ఇరవై రెండేళ్లుగా బస్తాకింత తరుగని
రైతు కళ్లముందే కలం కొట్టినవాణ్ణి.
"గోనెకా, తేమకా?" అని అడిగినవాళ్లకి
ఏనాడూ సరైన జవాబు చెప్పలేదు.

అప్పట్లో నా తూకం నూటముప్పై ఎనిమిది.
ఓ రాత్రి ఎవరూ లేకుండా చూసి
బస్తాల కాటా ఎక్కాను:
మూడు బస్తాల తేజ, పైన కాస్త తాలు.

షుగరు డాక్టరు భయపెట్టాక
రెండేళ్లు స్టేడియం చుట్టూ తిరిగాను.
కొవ్వు పోయింది.
చర్మం మాత్రం, సరుకు దించేసిన గోనెలా
నడుం కింద వేలాడుతూ ఉండిపోయింది.

దాన్ని మడిచి లోపలికి తోసి, పైన బెల్టు.
మడత కింద చెమట, చెమటలో మిరప కోరు.
ఏప్రిల్లో యార్డు గాలి సంగతి
గుంటూరోళ్లకి చెప్పక్కర్లేదు.
కళ్లలో పడితే తుడుచుకుంటాం.
పొట్ట మడతలో పడితే
ఎవరి ముందు తుడుచుకోను?
రాత్రిళ్లు ఖాజాబీ కొబ్బరినూనె రాసేది.
ఏమీ అనేది కాదు.
ఆ అనకపోవడమే ఎక్కువ మండేది.

బీమావాళ్లు కాగితం తిప్పి పంపారు,
సోకు కోసం చేయించుకునేవాటికి డబ్బులివ్వరట.
సోకు!
చీటీ పాడుకున్నాను.

కొత్తపేటలో, ఆపరేషన్ పొద్దున,
డాక్టరమ్మ నన్ను నిలబెట్టి
ఊదా పెన్నుతో గీత గీసింది
ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా,
గోనె మూతికి దబ్బనం పోయే దారిలా.
"మరి బొడ్డు?" అన్నాను.
"మీ బొడ్డు మీకే ఉంటుంది.
పైచర్మం కిందికి లాగి, దానికో కొత్త కన్నం పెడతాం."
అమ్మ పోయి పదకొండేళ్లు.
ఇంక కొత్త గుమ్మంలోంచి చూస్తుందన్నమాట,
అనుకున్నాను, మత్తు ఎక్కేలోపు.

మెలకువొచ్చాక అడిగింది నొప్పి గురించి కాదు.
"ఎంత తూగింది?"
"నాలుగు కిలోల మూడొందలు," అంది నర్సు.
"గిన్నె బరువు తీసేశారా?"

అటూ ఇటూ రెండు గొట్టాలు, చివర సీసాల్లో ఎర్రనీళ్లు.
పూటపూటకీ ఎంత కారిందో రాసేవాళ్లు.
ఆ పిల్ల అంకెలు నా అంకెలకంటే శుభ్రంగా ఉన్నాయి.

కొన్నాళ్లు నిటారుగా నిలబడొద్దన్నారు, కుట్లు లాగుతాయట.
లాలాపేట సందులో వంగి నడుస్తుంటే
చూడ్డానికొచ్చిన హమాలీ యేసోబు
మలుపులోనే ఆగిపోయాడు.
ముప్పై ఏళ్లుగా వాడి నడుం ఆ వంపులోనే ఉంది.
"ఏంది సుభానీ బాయ్, వీపు మీద బస్తా కనపడదే?"
నవ్వించకురా, కుట్లు, అంటూనే
పొట్ట పట్టుకుని నవ్వాను.
వాడు కూర్చోడానికి గోడ ఆసరా తీసుకున్నాడు.
నేనూ అంతే.

మళ్లీ కాటా దగ్గర కూర్చున్న రోజు
ఫిరంగిపురం రైతొకాయన
చీటీలోకి తొంగిచూసి అన్నాడు:
"ఈ తరుగంతా ఎటు పోద్దయ్యా?"
నాలుగు కిలోల మూడొందలు ఎటు పోయిందో
నేనూ అడగలేదని
అప్పుడు గుర్తొచ్చింది.
కలం చాలాసేపు బస్తా నంబరు మీదే ఉంది.