నాలుగు డిగ్రీలు

అయ్యా, నా పేరు ధనభాగ్యం.
పూతలపట్టు దాటినాక మూడో మలుపులో
పాల కేంద్రం నాది.
తెల్లారి అయిదుకు క్యాన్లు దిగతాయి.
వెన్న చూస్తా, కలిపిన నీళ్ళు చూస్తా,
బల్క్ కూలర్ ముల్లు చూస్తా.
నాలుగు డిగ్రీలు.
అయిదయితే సూపర్‌వైజర్ ఫోను,
ఆరయితే జీపు వచ్చి నిలబడతాది.
కరెంటు పోతే జనరేటర్ తనకు తానే గుర్రుమంటాది.
పాలు విరిగిపోకూడదు గదా.

నా కేంద్రానికీ బడికీ నడాన తారురోడ్డు ఒకటే.

మార్చిలో ఒకనాడు
ఏడో తరగతి పిల్లోడు, యుగంధర్,
ముక్కులోంచి రక్తం కారతా వచ్చి నిలబడినాడు.
"ఐసుగడ్డ ఉందా అక్కా, సారు అడగమన్నాడు."
ఇచ్చినా.
వాడు పోయినాక నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలే.
పాలలో ముంచే థర్మామీటరు కడిగి
కొంగులో చుట్టుకోని రోడ్డు దాటినా.

రేకుల కప్పు. కింద యాభై మూడు మంది.
ఉత్తరం కిటికీకి ఇటుకలు కట్టేసినారు,
ఎప్పుడో దొంగలు పడినారంట.
పడమటి కిటికీ తెరిస్తే వంటషెడ్డు పొగ.
దొరస్వామి సారు బోర్డు మీద రాసిండే పాఠం:
ఉష్ణము, ప్రసరణ.
పిల్లోళ్ళు నోటుపుస్తకాలతో విసురుకుంటా ఉండారు.
ఆ రూములో చదువు వల్ల వచ్చే గాలి
అంతే.

నడిబెంచీ మీద పెట్టి నూరు లెక్కపెట్టినా.
నలభై ఒకటి.
నా లెక్కలో, పొద్దు తిరిగేలోగా విరిగే పాలు.

ఫ్యాను ఉండాది. లేదని అబద్ధం చెప్పను.
రెక్కల మీద ఎర్ర పెయింటుతో
కీర్తిశేషులు గోవిందస్వామి మొదలియార్ జ్ఞాపకార్థం.
తిరిగేటప్పుడు పేరు కనపడదు.
ఎండాకాలమంతా ఆయన పేరు
కూడబలుక్కోని చదువుకున్నారు పిల్లోళ్ళు.

కార్తీకం దాటితే ఇంకో కత.
పలమనేరు ఘాటు మీంచి చలి దిగతాది,
ఉండే ఒక్క కిటికీ మూసేస్తారు.
సోమవారం షాహిదా దగ్గితే
గురువారానికి హాజరుపట్టీ సగం ఖాళీ.

కమిటీలో ఈ మాట ఎత్తితే
ఒక పెద్దాయన నవ్వినాడు:
"మేం చెట్టు కింద చదువుకోలేదామ్మా?"
చదువుకున్నావు మామా.
చెట్టుకు రేకులు లేవు.
నాలుగు పక్కలా గోడలు లేవు.
నీకు దొరికిన ఆ గాలే
నీ మనవడికి అడగతా ఉండా.

ఇంజనీరు సారు మంచోడే.
కొలతలు తీసినాడు, మజ్జిగ తాగినాడు,
రాసిచ్చినాడు:
రేకుల మీద తెల్ల పూత, కింద ఒక సీలింగు,
వేడి ఎక్కి బయటికి పోయేదానికి
గోడ పైన జాలీలు,
మిద్దె మీద సౌరపలకలు, ఆపకుండా తిరిగే ఫ్యాన్లు.
కాగితం చిత్తూరికి పోయింది.
మూడు నెలలకు జవాబు, ఒకటే వాక్యం:
"దాతలను సంప్రదించగలరు."

అయ్యా, నా కూలర్‌కు దాత ఎవరు?
ఎవురి జ్ఞాపకార్థం
పాలు చల్లగా ఉండాయి?
లెక్క కట్టినారు, ఖర్చు పెట్టినారు,
విరిగితే నష్టమని తెలుసు గనక.
సబ్బుబిళ్ళ కొన్నా పన్ను కడతా ఉండాం,
చెప్పులు కొన్నా కడతా ఉండాం.
ఆ డబ్బులో మా బడికి ఒక వరస రాయండి.
దాత వద్దు. పద్దు కావాల.
మా ఒక్క బడికే అంటే ఒప్పుకోను,
ఐరాలలో రేకులే, తవణంపల్లెలో రేకులే.
మీ ఆఫీసులో కడుపులో చల్ల కదలకుండా కూర్చునే చల్లదనం
ఎవురి సొమ్మో నేను అడగలే.
అడిగించుకోవద్దండి.

ఆ థర్మామీటరు బడిలోనే వదిలేసినా,
నాకు ఇంకోటి కొనుక్కున్నా.
పిల్లోళ్ళే దినామూ పన్నెండుకు రాస్తారు.
ఏప్రిల్ పేజీ దీనికి గుచ్చి పంపతా ఉండా.
పద్దెనిమిదో తేదీ చూడండి,
యుగంధర్ చేతిరాత.
ముప్పై తొమ్మిది అని వేసి
పక్కన రాసినాడు:
ఈ రోజు బాగుంది.